పరదేశ పౌరసత్వము – స్వగ్రామ పత్రములు

కృష్ణా, గుంటూరు, గోదావరి ప్రాంతములందు గాని, హైదరాబాదు, వరంగల్లు, కరీంనగరము ప్రాంతములందు గాని, విదేశమునకు కుమారునో కుమార్తెనో పంపని సంపన్న గృహము నేడు అరుదు. అట్లు వెళ్ళినవారిలో అనేకులు అమెరికా సంయుక్త రాష్ట్రములందు ఉద్యోగములలో కుదురుకొని, ఏండ్ల తరబడి వేచియుండి, శాశ్వత నివాసానుమతి యగు గ్రీన్ కార్డును సంపాదించి, పిమ్మట ఆ దేశపు పౌరసత్వమునకు దరఖాస్తు పెట్టుకొనుచున్నారు. పత్రములను సిద్ధము చేయ నుపక్రమించిననాడు ఇంటికి టెలిఫోను వచ్చును. తన జన్మదినము పంచాయతి పుస్తకములో నొకటియు బడి పత్రములో మరొకటియు నేల యున్నవో, తల్లిగారి పేరు రెండు పత్రములలో రెండు విధములుగ నేల వ్రాయబడినదో చెప్పుడని కుమారు డడుగును. తండ్రియొద్ద సమాధాన ముండదు. పౌరసత్వ పత్రములలోని చిక్కులు పెక్కు సముద్రమున కావల పుట్టినవి కావు. మన ఇండ్లలో, మన బడులలో, మన గ్రామ కార్యాలయములలో పుట్టినవి. ఈ సంగతిని పెద్దలు గుర్తించి తమవంతు పనిని తాము చక్కబెట్టుకొనవలె నని విన్నవించుటయే మా యుద్దేశము.

ఆ దేశమున పౌరుడగు హక్కు భారతీయులకు సుళువుగ లభించినది కాదు. 1790 నాటి వారి తొలి శాసనము స్వతంత్రులగు తెల్లవారికి మాత్రమే ఆ యర్హతను కల్పించెను. 1870 లో ఆఫ్రికా సంతతివారికి దానిని విస్తరించిరి గాని ఆసియా వాసులను వెలుపలనే యుంచిరి. భగత్ సింగ్ థిండ్ అను పంజాబు సిక్కు మొదటి ప్రపంచ సంగ్రామకాలమున అమెరికా సైన్యములో పనిచేసినవాడు. అట్టివాడును తెల్లవాడు కా డని అచ్చటి సుప్రీం కోర్టు 1923 ఫిబ్రవరి 19 వ తేదీన తీర్పు చెప్పెను. అంతటితో ఆగక, అంతకుముందు పౌరులైన భారతీయుల పత్రములను గూడ రద్దు చేయించుటకు ఆ ప్రభుత్వము పూనుకొనెను. శాన్ ఫ్రాన్సిస్కో నగరమున వ్యాపారము చేసికొనుచుండిన వైష్ణో దాస్ బగాయ్ అట్లు పౌరసత్వమును పోగొట్టుకొని, మాతృదేశమును చూచి వచ్చుటకు అమెరికా పాస్‌పోర్టు నైనను పొందలేక, 1928 లో ప్రాణత్యాగము చేసికొనెను. 1946 జూలై 2 వ తేదీన అధ్యక్షుడు ట్రూమన్ సంతకము చేసిన లూస్–సెల్లర్ శాసనముతో గాని భారతీయులకు ఈ ద్వారము తెరువబడలేదు. అప్పుడును ఏడాదికి నూరుగురే అచ్చట స్థిరపడుటకు పోవచ్చును. ఆ శాసనబలముచే 1949 లో పౌరుడైన దలీప్ సింగ్ సౌంద్ 1956 లో అమెరికా ప్రతినిధి సభకు ఎన్నికయ్యెను. ఒక తరమువారు ప్రాణములు పోయినను పొందలేని పత్రమిది. దానిని అడుగబోవువాడు నిర్లక్ష్యముగ అడుగుట తగదు.

ఇక ఆ దరఖాస్తులో నేమున్నది? దానిని ఎన్-400 నమూనా యందురు. పదునెనిమిదేండ్లు నిండి, గ్రీన్ కార్డు పొంది అయిదేండ్లు గడచినవారు దానిని దాఖలు చేయవచ్చును. అమెరికా పౌరుని లేక పౌరురాలిని వివాహమాడి కలసి కాపురము చేయుచున్నవారికి మూడేండ్లు చాలును. గడువు నిండుటకు 90 దినములు ముందుగనే పెట్టుకొనుటకు అవకాశము కలదు. అయిదేండ్లలో కనీసము 30 మాసములు ఆ దేశమున శరీరముతో నుండి తీరవలెను. గడచిన అయిదేండ్లలో ఏయే యిండ్లలో నివసించినదియు, ఎచ్చట చదివినదియు, ఎవరియొద్ద పనిచేసినదియు, ఏ దినమున దేశము విడిచి ఏ దినమున తిరిగి వచ్చినదియు ఖాళీ లేకుండ వ్రాయవలెను. వివాహములు, విడాకులు, సంతానము, చెల్లించిన పన్నులు, పోలీసువారితో కలిగిన వ్యవహారములు – ఇవియన్నియు చెప్పవలెను. 2024 ఏప్రిల్ 1 నాటి నిర్ణయము ప్రకారము రుసుము కాగితముపై పెట్టినచో 760 డాలర్లు, కంప్యూటరు ద్వారా పెట్టినచో 710 డాలర్లు. పిమ్మట వ్రేలిముద్రలు, ఆపైని అధికారి సమక్షమున ప్రశ్నోత్తరములు, ఆంగ్లభాషలో చదువుట, వ్రాయుట, మాటలాడుట, ఆ దేశ చరిత్ర రాజ్యాంగములపై పరీక్ష. 2025 అక్టోబరు 20 మొదలుకొని దరఖాస్తు పెట్టినవారికి 128 ప్రశ్నలలోనుండి 20 అడుగుదురు. 12 కు సరియైన జవాబు చెప్పవలెను. ఈ నియమములు తరచు మారుచుండును గనుక దాఖలు చేయు దినమున ప్రభుత్వ ప్రకటనను చూచుకొనుట వివేకము.

ఇందులో ప్రయాణముల లెక్కయే మనవారిని తరచు ఇబ్బందిపెట్టునది. ఒకేసారి ఆరు మాసములకు మించి దేశమునకు వెలుపల నున్నచో, నివాసపు వరుస తెగిన దని అధికారి భావించుటకు చట్టము వీలిచ్చుచున్నది. తెగలే దని రుజువు చేయు భారము దరఖాస్తుదారునిది. ఏడాది యైనచో వరుస తెగినట్లే. భాగపంపకముల కనియో, చెల్లెలి వివాహమున కనియో, తండ్రి అనారోగ్యమున కనియో మనము కుమారుని పిలిపింతుము. నెల యని వచ్చినవాడు రిజిస్ట్రారు కార్యాలయమున పని తెమలక ఏడు మాసములుండును. బిడ్డలయొద్దకు వెళ్ళి గ్రీన్ కార్డు పొందిన పెద్దలును పొలము చూచుకొనుటకు వచ్చి సంక్రాంతి వెళ్ళువరకును నిలిచిపోవుదురు. ఆ నిలుచుటకు వెల యున్న దని ఎవరికిని తోచదు. కావున ఇంట నొక చిన్న పుస్తకముంచి రాకపోకల తేదీలను వ్రాసికొనుడు. పాత పాస్‌పోర్టులను గడువు తీరిన వని చించి పారవేయకుడు. వానిలోని ముద్రలే సాక్ష్యము.

పేరు విషయమై మన యాచారము వేరు, వారి యాచారము వేరు. మనము ఇంటిపేరును ముందుంచి, తరచు దానిని ఒక్క యక్షరమునకు కుదించి, పిలుచు పేరును తరువాత వ్రాయుదుము. వారు వ్యక్తి పేరును ముందును వంశనామమును వెనుకను ఉంచుదురు. పాస్‌పోర్టులో వంశనామమని, స్వనామమని రెండు గళ్లుండగా, ఏ గడిలో ఏది వ్రాయవలెనో తెలియక పేరంతయు నొకే గడిలో పెట్టినవాడు అమెరికాలో దిగునప్పటికి "మొదటి పేరు తెలియదు" అను నర్థమిచ్చు ఎఫ్.ఎన్.యు. అను మూడక్షరములే అతని పేరై కూర్చుండును. లక్ష్మి యను పేరునే ఆంగ్లలిపిలో బడిపంతులు ఒక విధముగను బ్యాంకు గుమాస్తా మరొక విధముగను వ్రాయుదురు. స్త్రీల విషయము మరింత క్లిష్టము. చదువు పత్రములలో పుట్టింటి పేరు, వివాహ పత్రములో అత్తింటి పేరు, పాస్‌పోర్టులో రెండును కలసిన పేరు. దరఖాస్తులో ఇదివరకు వాడిన పేర్లన్నియు చెప్పు డని అడుగుదురు. అప్పుడు నిజమును నిజముగ చెప్పి, పేరు మారిన దానికి వివాహ పత్రమునో న్యాయస్థానపు టుత్తరువునో జతపరచినవానికి భయములేదు. తెలుగు పత్రము జతపరచినచో దానికి సంపూర్ణమగు ఆంగ్లానువాదమును, అనువాదము సరియైన దనియు తనకు రెండు భాషలును వచ్చు ననియు అనువాదకుడు వ్రాసి యిచ్చిన ధ్రువీకరణమును ఉండవలెను. తనకు అక్కరలేదని తోచిన వాక్యములను విడిచి అనువదింప రాదు.

జన్మదినము సంగతి పేరుకంటె గంభీరమైనది. బడిలో చేర్చుటకు వయస్సు చాల దని ఒక యేడు పెంచియు, సర్కారు కొలువులో మరి రెండేండ్లు నిలుచు నని తగ్గించియు, తిథి తెలిసి తేదీ తెలియనపుడు బడులు తెరచు జూను మాసములో నేదో దినమును పెట్టియు వ్రాయించుట మన గ్రామములలో దీర్ఘకాలము సాగిన యలవాటు. వ్రాయించిన తండ్రికి గాని వ్రాసిన యుపాధ్యాయునికి గాని అది అబద్ధమని తోచలేదు. కాని ఆ తేదీయే పదవ తరగతి పత్రములోనికి, దానినుండి పాస్‌పోర్టులోనికి, దానినుండి వీసాలోనికి పాకినది. గ్రీన్ కార్డు దశయందు జనన పత్రము అడిగినపుడు పంచాయతి పుస్తకములోని అసలు తేదీ బయటపడును. పౌరసత్వపు ప్రశ్నోత్తరముల నాటికి అధికారి ముందు ఆ పాత కట్ట యంతయు నుండును.

ఇచ్చటనే పలుకుబడిగల ఇంటివారికి ఒక దుర్బుద్ధి పుట్టుట కద్దు. తెలిసిన గుమాస్తాచేత, కావలసిన తేదీతో కొత్త జనన పత్రమును పుట్టించి పంపినచో చిక్కు తీరిపోవు నని తలంతురు. ఇంతకన్న కుమారునికి తండ్రి చేయగల అపకారము లేదు. వ్యత్యాసము పొరపాటు, దొంగ పత్రము నేరము. లిథువేనియా దేశీయుడగు జుయోజాస్ కుంగీస్ అనునతడు 1954 లో అమెరికా పౌరుడయ్యెను. రెండవ ప్రపంచ సంగ్రామకాలమున అతడు చేసినవని చెప్పబడిన కార్యములను పురస్కరించుకొని ప్రభుత్వము 1982 లో అతని పౌరసత్వమును రద్దుచేయ దావా వేసినప్పుడు, అతడు తన జన్మదినమును, జన్మస్థలమును తప్పుగ చెప్పె నను అంశముగూడ విచారణకు వచ్చెను. 1988 లో సుప్రీం కోర్టు, ఆ తేదీ స్థలముల తేడాయే నిర్ణయమును మార్చదగిన దని రుజువు కాలే దని చెప్పెను. అబద్ధమునకును పౌరసత్వము లభించుటకును సంబంధ ముండవలె నని 2017 లో మస్లెన్యాక్ వ్యాజ్యమున మరల స్పష్టపరచెను. చట్టము చిల్లర పొరపాటును క్షమింప గలదు. కాని ఆ క్షమకై కుంగీస్ ఎక్కవలసి వచ్చిన మెట్లెన్నో చూడుడు. ముందుగ నిజము చెప్పినవానికి ఆ మెట్లెక్కవలసిన యగత్యమే యుండదు.

పరదేశపు దృష్టాంతము లేల? మన వేములవాడ సంగతియే చాలును. అచ్చటినుండి 2009 లో శాసనసభకు ఎన్నికైన చెన్నమనేని రమేశ్ గారు అంతకుముందు జర్మనీ దేశ పౌరసత్వమును స్వీకరించి, పిమ్మట భారత పౌరసత్వమును మరల పొందిరి. దరఖాస్తు నాటికి ముందటి యేడాది కాలము వారు ఈ దేశమున నివసింపలేదనియు, ఆ సంగతిని మరుగుపరచిరనియు కేంద్ర ప్రభుత్వము 2019 లో వారి పౌరసత్వమును రద్దు చేసెను. వ్యాజ్యము ఏండ్ల తరబడి నడచి, 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు వారి వాదమును త్రోసిపుచ్చి, 30 లక్షల రూపాయల ఖర్చులను విధించెను. రాకపోకల తేదీలు చిన్న సంగతు లని తలంచువారు దీనిని జ్ఞప్తియందుంచుకొందురు గాక.

పౌరసత్వ స్వీకారమున వచ్చుచున్న దానినే గాక పోవుచున్న దానిని గూడ లెక్కింపవలెను. పరదేశ పౌరసత్వమును ఇష్టపూర్వకముగ స్వీకరించినవాడు, 1955 నాటి పౌరసత్వ చట్టము 9 వ సెక్షను ప్రకారము, భారత పౌరుడు కాకుండ పోవును. మన దేశము రెండు పౌరసత్వముల నంగీకరింపదు. భారత పాస్‌పోర్టును తిరిగి యొప్పగించి, ఒప్పగించినట్లు పత్రము పొందవలెను. దానిని దాచుకొని రాకపోకలకు వాడుట శిక్షార్హము. ఓటరు పట్టికలో పేరు నిలుపుకొనుటయు తగదు. 2006 జనవరిలో హైదరాబాదున జరిగిన ప్రవాసి భారతీయ దివస్‌లో ప్రారంభింపబడిన ఓ.సి.ఐ. కార్డు వీసా లేకుండ వచ్చిపోవుటకును ఎంతకాలమైనను ఉండుటకును ఉపకరించును. కాని అది పౌరసత్వము కాదు. దానితో ఓటు లేదు, ఎన్నికలలో నిలుచుట లేదు, సర్కారు కొలువు సామాన్యముగ లేదు.

భూస్వాములకు ముఖ్యమైన సంగతి వేరొకటి కలదు. 2019 నాటి విదేశీ మారక ద్రవ్య నిబంధనల ననుసరించి ఓ.సి.ఐ. కార్డుదారులు వ్యవసాయ భూమిని గాని తోటను గాని పొలములోని ఇంటిని గాని కొనరాదు. విదేశమున నివసించు భారత పౌరులకును ఇదే కట్టడి. అయితే వారసత్వముగ సంక్రమించు భూమిని పొందుటకు ఇరువురికిని అభ్యంతరము లేదు. తండ్రి సొమ్ముతో కుమారుని పేర నేడు పొలము కొని, రేపు వాని స్థితి యేమో తెలియక చిక్కుపడుట కంటె, పట్టాదారు పాసు పుస్తకము, లింకు దస్తావేజులు, వంశవృక్ష ధ్రువీకరణము, వీలునామా ఇవియన్నియు ఇప్పుడే సరిచూచి యుంచుట మేలు. అమెరికా పత్రములో నున్న పేరును పాసు పుస్తకములో నున్న పేరును ఒకటే మనిషివని రుజువు చేయవలసిన దినము ఎన్నటికైనను వచ్చును. అప్పుడు తండ్రి జీవించి యుండకపోవచ్చును.

కొందరు దేశాభిమానులు, మాతృభూమిని విడిచి పరుల పౌరసత్వము నాశించువానికి మనమేల తోడ్పడవలె నందురు. పౌరసత్వము మార్చుకొనుట ఆ మనిషి అంతరాత్మకు సంబంధించిన సంగతి. అచ్చటి ప్రమాణవాక్యము ఇతర రాజ్యములయెడల గల విధేయతను త్యజింపు మని స్పష్టముగ కోరును. దానిని నోటితో పలికి మనస్సుతో పలుకనివాడు రెండు దేశములకును పనికిరాడు. ఆ ప్రమాణము చేయనివా డచ్చట గ్రీన్ కార్డుతోనే నిలిచి భారత పౌరుడుగ నుండవచ్చును. అందు చిన్నతనము లేదు. చేయదలచినవాడు చక్కగ నెరిగి చేయవలెను. ఎటు నడచినను అబద్ధపు పత్రముతో నడువరాదు. అది తెలుగువాని పేరునకు మచ్చ. ఒక్కడు దొంగ పత్రముతో పట్టుబడినచో తరువాత వచ్చు పదిమంది నిజమైన పత్రములను గూడ అధికారి అనుమానముతో చూచును.

మరికొందరు, ఇది వకీళ్ల పని, రుసుము చెల్లించినచో వారే చూచుకొందు రందురు. వకీలు సంతకము చేయువాడు కాడు. అందలి ప్రతి వాక్యమును నిజమని ప్రమాణము చేయువాడు దరఖాస్తుదారుడే. కొట్టివేయబడిన కేసు గదా యని, కోర్టు చెరిపివేసిన సంగతి గదా యని పోలీసు వ్యవహారమును వ్రాయకుండుట, పౌరుడు కాకమునుపే పొరపాటున నచ్చట ఓటరుగ నమోదగుట – ఇట్టివానిని దాచు మని ఏజంటు చెప్పినచో, ఆ ఫలము ననుభవించువాడు ఏజంటు కాడు. సందేహ మున్నచోట యోగ్యుడైన న్యాయవాదిని సంప్రదింపవలెను. దాచుటకు గాక సరిగ చెప్పుటకు.

వృద్ధులకు ఒక వెసులుబాటు కలదు. అది తెలియక ఆంగ్లము రా దని వెనుదీయుచున్నారు. దరఖాస్తు నాటికి 55 ఏండ్లు నిండి, గ్రీన్ కార్డుతో 15 ఏండ్లున్నవారికి, లేక 50 ఏండ్లు నిండి 20 ఏండ్లున్నవారికి ఆంగ్ల పరీక్ష లేదు. చరిత్ర రాజ్యాంగముల పరీక్షను దుబాసి సాయముతో తెలుగులోనే ఈయవచ్చును.

ఇచ్చట నుండి మనము చేయగల పని స్పష్టము. బిడ్డ పుట్టిన 21 దినములలో జననమును నమోదు చేయింపవలె నని 1969 నాటి చట్టము చెప్పుచున్నది. 2023 అక్టోబరు 1 మొదలు పుట్టినవారికి బడిలో చేరుటకును పాస్‌పోర్టునకును జనన పత్రమే తేదీకి ఆధారముగ చేయబడినది. కావున ఇకమీద బడిపంతులు వ్రాసినదే జన్మదిన మను కాలము చెల్లినది. పేరును ఆంగ్లలిపిలో ఏ వర్ణక్రమముతో వ్రాయవలెనో నామకరణమునాడే నిశ్చయించి, జనన పత్రమునుండి చివరి పత్రము వరకు అదే నిలుపుడు. పెద్దవారైన బిడ్డల పత్రములలో తేడాలున్నచో, వారు వీసాకు బయలుదేరకమునుపే చట్టప్రకారము దిద్దించుడు. దిద్ద వీలుకానిచో తేడా యెట్లు కలిగినదో తల్లిదండ్రులు జీవించి యుండగనే ప్రమాణపత్రము వ్రాసి యుంచుడు. అమెరికా పౌరసత్వ పత్రము చేతికి వచ్చిన తరువాత అందలి తేదీ తప్పని చెప్పినచో అంత సులభముగ దిద్దరు.

పొలమునకు గట్లు సరిగ నున్నచో పొరుగువానితో తగవుండదని మన రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు. సర్వే రాళ్లను జాగ్రత్తగ కాపాడుకొను గృహస్థుడు తన బిడ్డ పేరును జన్మదినమును గూడ అంత జాగ్రత్తతోనే కాపాడవలెను. బిడ్డలు ఏ దేశ పౌరులుగ జీవింప దలచినను, వారి చేతికి మనము మొదట నీయవలసిన ఆస్తి నిజమైన పత్రము. మన పంచాయతులును, పురపాలక సంఘములును, పాఠశాలలును ఈ పనిని లంచమునకును సిఫారసునకును లోబడని పవిత్ర కార్యముగ నెంచి నిర్వహించుగాక యని మా యాకాంక్ష.